చెఱకునందు లేని రసము

నిజాంసాగరు నీటితో పెరిగిన బోధను చెఱకును గానుగలో పెట్టినచో అందున్న రసమే వచ్చును గాని లేనిది రాదు. పరమాణువుకంటె సూక్ష్మములైన కణములను ఢీకొట్టించినను లోపలి ముక్కలే రాలునని తలంతుము. అది యట్లు కాదు.

జపానుదేశపు ట్సుకుబాలో 3 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయాకార యంత్రము కలదు. అందు ఎలక్ట్రానులొక దిక్కునుండి, వాని ప్రతికణములైన పాజిట్రానులు వేఱొక దిక్కునుండి, ఇంచుమించు కాంతివేగమున వచ్చి ఢీకొనును. కొన్ని జంటలు నశించును. వాని శక్తియే క్రొత్త కణములుగా జన్మించును. అట్లు పుట్టిన బీ-మీసాను ఒక్కొక్కటి ఎలక్ట్రానుకంటె పదివేల రెట్లకు పైగా బరువు! ఆ బరువు ఎలక్ట్రానులో దాగియుండినది కాదు. పరుగున కూడబెట్టిన శక్తియే. శక్తియు ద్రవ్యమును ఒకటేయని ఐన్‌స్టీను 1905లోనే చెప్పెను.

ఇందువలన ప్రయోజనమేమి? సృష్ట్యారంభమున పదార్థమును ప్రతిపదార్థమును సమముగా పుట్టి, సమముగా నశించియుండినచో, నేడు చెఱకును లేదు, మనమును లేము. బీ-మీసానును దాని ప్రతికణమును ఒకే తీరున క్షయింపవని 2001లో ట్సుకుబాలోను, అమెరికాలోను తేలినది. ఆ భేదమొక జాడయే గాని, మనము మిగులుటకు చాలినంత కారణము కాదు. మిగిలిన కారణమును వెదకు ‘బెల్ 2’ శోధనములో సంగారెడ్డి చెంతనున్న కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. వారును కలరు.

ఇల్లు నిలుపుకొను మనకు లోకమేల నిలిచినదో తెలిసికొనుటయు తగినదే. ఈ ప్రశ్నను మీ బాలికల చెవిని వేయుడు.