జ్ఞాపకశక్తి కంటే ముందు చెవి, కన్ను

విశాఖ ఓడ కోసం హాడో జెట్టీలో నిలబడ్డ పెద్దాయన మైకు మాట అందక పక్కవాడి పెదవుల వైపు చూస్తాడు. అది చాదస్తం కాదు. చెవికి అందనిదాన్ని మెదడు కంటితో కలిపి పూరించుకుంటోంది.

ఈ కలపడంలోనూ వయసు తేడా తెస్తుంది. ఒక్క మెరుపుతో పాటు రెండు బీప్‌లు వినిపిస్తే రెండు మెరుపులు చూశామనుకుంటాం. 2000లో వెల్లడైన ఈ భ్రమ వృద్ధుల్లో ఎక్కువ. తరచూ పడిపోయేవారిలో మరీ ఎక్కువని 2011లో డబ్లిన్ పరిశోధకులు చూపారు.

డిమెన్షియాకు దారితీసే, మనం మార్చగలిగిన 14 ముప్పుల్లో వినికిడి లోపాన్నీ, సరిచేయని చూపు లోపాన్నీ 2024 లాన్సెట్ కమిషన్ చేర్చింది. ప్రశ్నే సరిగా వినపడని మనిషికి జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తగ్గిస్తే అదేం కొలత? (ఫిజిక్స్ ల్యాబులో పరికరం సరిచూడకుండా రీడింగు రాస్తే మాకు సున్నాయే.) ముందు చెవి, కన్ను చూడండి, తర్వాతే ప్రశ్నలు. జెట్టీలో మైకుతో పాటు పెద్దక్షరాల బోర్డూ ఉండాలి.