మనోడి ర్యాంచ్‌ని చర్చోళ్ళకిచ్చేశారట!

లంచ్ టేబుల్ దగ్గర ఈ మాట వినడం ఇది మూడోసారి. "చూశావా బాసూ, మన ఓషోని తరిమేసి, అదే భూమిని క్రిస్టియన్ క్యాంపుకి ఫ్రీగా రాసిచ్చారు. అమెరికా సెక్యులరిజం అంటే ఇదే!" 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో 'వైల్డ్ వైల్డ్ కంట్రీ' వచ్చినప్పట్నుంచీ మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఇదో స్థిరాభిప్రాయం అయి కూర్చుంది. ఆరు ఎపిసోడ్లు ఒక్క రాత్రిలో చూస్తారు గానీ, తేదీలు మాత్రం చూడరు.

ముందు ఆ 'చర్చోళ్ళు' ఎవరో చూద్దాం. యంగ్ లైఫ్ అనే సంస్థని 1941లో టెక్సాస్‌లో జిమ్ రేబర్న్ మొదలుపెట్టాడు. అప్పటికాయన సెమినరీ చదువు ముగించాడు. చర్చి గుమ్మం తొక్కని హైస్కూలు పిల్లల్ని చర్చికి రమ్మంటే ఎందుకొస్తారు? అందుకని వాళ్ళున్న చోటికే వెళ్ళడం మొదలెట్టాడు. 1946లో కొలరాడోలో స్టార్ ర్యాంచ్ చేతికొచ్చింది. పగలంతా గుర్రాలు, కొండలు, అల్లరి. రాత్రికి ఏసు గురించి ఓ ప్రసంగం. ఫార్ములా హిట్టయ్యి, తర్వాత మరిన్ని క్యాంపులొచ్చాయి. అంటే రజనీష్ అమెరికాలో అడుగు పెట్టడానికి 35 ఏళ్ళ ముందే వీళ్ళకి ర్యాంచ్ క్యాంపులున్నాయి. ఆయన భూమి మీద కన్నేసి పుట్టిన సంస్థ కాదు.

ఇక ఓరెగాన్ సంగతి. 1981లో రజనీష్ మనుషులు బిగ్ మడ్డీ ర్యాంచ్‌ని 57.5 లక్షల డాలర్లకి కొన్నారు. 64 వేల ఎకరాల పైమాటే. 1982లో అక్కడ రజనీష్‌పురం అనే ఊరు కట్టుకున్నారు. సొంత మేయరు, సొంత పోలీసులు. పక్కనున్న ఆంటెలోప్ అనే నలభై మంది ఊరి కౌన్సిల్‌ని ఓట్లతో గెలిచి, ఊరి పేరు కూడా మార్చేశారు. 1984లో, కౌంటీ ఎన్నికల్లో జనం ఓటేయడానికి రాకుండా చెయ్యాలని, ద డాలస్ అనే టౌన్‌లో పది రెస్టారెంట్లలో సాల్మొనెల్లా కలిపారు. 751 మంది జబ్బు పడ్డారు. 1985లో షీలా జర్మనీ పారిపోయింది, రజనీష్ ఇమిగ్రేషన్ కేసులో నేరం ఒప్పందం కుదుర్చుకుని 4 లక్షల డాలర్ల జరిమానా కట్టి దేశం వదిలాడు. వీసా ఫారంలో చిన్న తప్పొస్తేనే రాత్రంతా నిద్రపోని మనం, దీన్ని 'మతవివక్ష' అంటున్నాం :)

వివక్ష లేదా అంటే ఉంది. ఎర్రబట్టలోళ్ళని కాల్చెయ్యాలన్నట్టు స్టిక్కర్లు, టీషర్టులు అమ్ముకున్నారక్కడ. కానీ 1983లో పోర్ట్‌లాండ్‌లో రజనీష్ హోటల్ మీద బాంబులేసినవాడు తెల్ల పాస్టర్ కాదు, జమాత్ ఉల్ ఫుక్రా మనిషి. మన లంచ్ కథలో ఈ ముక్క ఎప్పుడూ రాదు.

తరవాత భూమి ఏమైంది? 1991లో మోంటానా కోటీశ్వరుడు డెనిస్ వాషింగ్టన్ 36.5 లక్షలకి కొన్నాడు. స్టేట్ పార్క్ చేద్దామని ప్రభుత్వంతో మాట్లాడాడు, కుదర్లేదు. 1996లో యంగ్ లైఫ్‌కి దానమిచ్చాడు. 1999 నుంచి అక్కడ క్యాంపు నడుస్తోంది. రజనీష్ వెళ్ళిపోవడానికీ, ఈ దానానికీ మధ్య 11 ఏళ్ళు. ఇచ్చింది ప్రభుత్వం కాదు, సొంత డబ్బుతో కొన్నవాడు.

"మరి వాళ్ళకొక రూల్, వీళ్ళకొక రూలా?" అంటాడు మావాడు. 1983లో అటార్నీ జనరల్ ఫ్రోన్‌మేయర్ అభ్యంతరం చెప్పింది ఆశ్రమానికి కాదు, ఆ మతసంస్థ గుప్పిట్లో ఉన్న ఊరికి. యాప్ నడుపుకోవడానికి అనుమతి ఇవ్వడం వేరు, సర్వర్‌కి రూట్ యాక్సెస్ ఇవ్వడం వేరు. యంగ్ లైఫ్‌కి మేయరూ లేడు, పోలీసులూ లేరు. రేపు వాళ్ళూ అడిగితే అదే అభ్యంతరం వాళ్ళకీ చెప్పాలి.

అన్నట్టు, ఆ ర్యాంచ్‌లో సన్యాసులు తవ్వుకున్న చెరువుకి పెట్టిన పేరు కృష్ణమూర్తి లేక్. అవును, మదనపల్లెలో పుట్టిన మన జిడ్డు కృష్ణమూర్తే. గురువులే వద్దన్న మనిషి పేరు, 93 రోల్స్‌రాయిస్‌ల గురువు పెరట్లో!

నాకు అసలు గుచ్చుకునేది వేరే ఉంది. ఆ రోడ్లు, ఆనకట్ట, ఎయిర్‌స్ట్రిప్, 88 వేల చదరపు అడుగుల మందిరం కట్టింది జీతంలేని సన్యాసులు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు రోజుకి పన్నెండు గంటలు మట్టిపని చేశారు. దాన్ని పని అనకూడదు, 'వర్షిప్' అనాలి. ఎక్కడో విన్నట్టుందా? ఆ మందిరంలో ఇప్పుడు క్యాంపు పిల్లలు ఆడుకుంటున్నారు. క్యాంపులో గిన్నెలు తోమేదీ, గదులు ఊడ్చేదీ 'వర్క్ క్రూ' అనే హైస్కూలు పిల్లలు. వాళ్ళకీ జీతం లేదు, అదీ సేవే. కొన్ని వారాల సేవకీ, ఆస్తులమ్ముకుని వచ్చి చేసిన చాకిరీకీ చాలా తేడా ఉంది, కాదనను. కానీ యంగ్ లైఫ్‌ని నిలదీయాలనుకునేవాడు దీనిమీద నిలదీయాలి. స్వలింగసంపర్కులు బయటపడితే స్టాఫ్‌గానే కాదు, వాలంటీర్‌గా కూడా ఉండనివ్వని వాళ్ళ విధానం మీద నిలదీయాలి. 2020లో ఆ క్యాంపుల్లో పెరిగిన పిల్లలే ఆన్‌లైన్‌లో ఉద్యమం పెట్టి ఆ పని చేశారు. మనవాళ్ళు మాత్రం ఇంకా భూమి ఎవడికిచ్చారన్న దగ్గరే ఉన్నారు.