కవర్ మీద కవర్

మా నర్సీపట్నం ఇంట్లో సోఫా అసలు రంగేంటో చుట్టాలెవరికీ తెలీదు. కొన్నప్పుడు మెరూన్ వెల్వెట్. "మాసిపోద్ది" అని అమ్మ దానికి కవర్ వేసింది. కవర్ మాసిపోకుండా పైన దుప్పటి వేసింది. పండక్కి మాత్రం దుప్పటి తీస్తాం. మీ ఇంట్లో కూడా ఇంతేనా?

నా అభిప్రాయం ఒక్కటే. దాచుకోవాల్సి వచ్చే గుడ్డ ఎంత అందంగా ఉన్నా, మనం తప్పుగా ఎంచుకున్నట్టే.

నేనూ ఆ తప్పు చేశాను. ఫొటోలో నీలం రంగు చూసి, పడమటి కిటికీకి కర్టెన్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్క వేసవికే ఎండ పడ్డ మడతలన్నీ వెలిసిపోయాయి. డబ్బు నాన్నది, సెలెక్షన్ నాది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

గుడ్డకి ముఖ్యంగా ముగ్గురు శత్రువులు: రాపిడి, ఎండ, చెమ్మ. రాపిడికి మార్టిండేల్ అనే పరీక్ష ఉంది. గుడ్డని వేలసార్లు రుద్ది, ఎప్పుడు పోగు తెగుతుందో చూస్తారు. ఎండకి బ్లూ వుల్ స్కేల్ ఉంది. 1 అంటే త్వరగా వెలిసేది, 8 అంటే బాగా నిలిచేది. మనం షాపులో మీటర్ ఎంత అని అడుగుతాం గానీ ఈ నంబర్లు అడగం.

నిజానికి ఈ విషయం మనవాళ్ళకి కొత్త కాదు. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం వైపు అద్దకం గుడ్డలు యూరప్ ఇళ్ళల్లో మంచం తెరలయ్యాయి. పూల డిజైన్లతో పాటు, ఉతికినా పోని రంగు కూడా వాటి గొప్ప. కరక్కాయ, పటిక కలిసి రంగుని నూలుకి పట్టి ఉంచేవి. అక్కడి నేత పరిశ్రమ తట్టుకోలేక 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. 1721లో ఇంగ్లండ్ కూడా అద్దకం నూలు గుడ్డల్ని ఒంటి మీదే కాదు, ఇంటి అలంకరణలో కూడా వాడొద్దని చట్టం చేసింది.

అలాగని అన్నిటికీ చేనేతే కొనమని నేననను. సహజ రంగుల కలంకారీని పడమటి కిటికీకి కడితే అదీ వెలిసిపోద్ది. దాన్ని నీడపట్టు గోడకి వేయండి. రోజంతా కూర్చునే చోట 2018లో జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానా లాంటి గట్టి నేత పరవండి. వానాకాలం చెమ్మకి నూలు బూజు పట్టే గదిలో, త్వరగా ఆరే పాలిస్టర్ నయం.

గట్టి గుడ్డ ఖరీదెక్కువ అంటారు. మరి వెల్వెట్, కవర్, దుప్పటి మూడూ కలిపి లెక్కేశారా?

సంక్రాంతికి మా సోఫాకి కొత్త గుడ్డ వేయించాలి. నా దగ్గర టెస్టులు రెడీ. తడిపిన తెల్ల రుమాలుతో రుద్ది రంగు అంటుద్దేమో చూడటం, వెలుతురుకి ఎత్తి నేత ఎంత దగ్గరగా ఉందో చూడటం, గోరుతో పోగులు జరుగుతాయేమో చూడటం. "షాపువాడు అదోలా చూస్తాడ్రా" అంటోంది అమ్మ.

చూడనీ. దుప్పటి కొనే ఖర్చు తప్పుద్ది.