కథ చేతులు మారినపుడు

ఆంగ్లేయుల టెలివిజనులో ప్రసిద్ధికెక్కిన వైజ్ఞానిక కల్పనా కథావళిని అమెరికావారు నిర్మించియుండినచో అది యే రూపము దాల్చియుండెడిది? పాశ్చాత్య దేశములలో కథాభిమానులు తరచు వేసికొను ప్రశ్న యిది. నాయకుని చేతికి తుపాకి వచ్చియుండునని కొందరు, ప్రణయఘట్టములు పెరిగియుండునని కొందరు, కథ శుభాంతమై యుండునని మరికొందరు చెప్పుదురు. పైకి వినోదముగా తోచు నీ ప్రశ్నలో సాహిత్యమునకు సంబంధించిన పెద్ద సమస్య యొకటి యిమిడియున్నది. ఒక జాతి చెప్పుకొన్న కథను మరియొక జాతి తనదిగా చేసికొనునపుడు అందులో ఏది మారవచ్చును? ఏది మారరాదు? జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు ఈ సమస్య క్రొత్తది కాదు. శతాబ్దులుగా ఆ నేలపై కథలు చేతులు మారుచునే యున్నవి.

ముందుగా పాశ్చాత్యుల ఉదాహరణమునే పరిశీలింతము. 1963 నవంబరు 23వ తేదీన బి.బి.సి. ప్రారంభించిన 'డాక్టర్ హూ' కాలములో ముందు వెనుకలకు ప్రయాణింపగల ఒక విచిత్రవ్యక్తి కథ. అతని వాహనము పోలీసు టెలిఫోను పెట్టె ఆకారములో నుండును. ఆయుధముకంటె బుద్ధిబలమును నమ్ముకొనుట అతని స్వభావము. 1996లో అమెరికా సంస్థల భాగస్వామ్యముతో దీనినొక చిత్రముగా తీసి, అచ్చటి ఫాక్స్ టెలివిజనులో ప్రదర్శించినారు. కథ శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు చేరినది. మోటారు సైకిలుపై తరుములాట వచ్చినది; ప్రణయమునకు దూరముగా నుండెడి నాయకుడు ముద్దు పెట్టుకొన్నాడు; తల్లివైపున అతడు మానవుడేనని చెప్పబడినది. ఆ చిత్రము వెంట అమెరికాలో కథావళి రాలేదు. 2005లో బ్రిటనులోనే అది మరల చిగురించినది.

దీనినిబట్టి అమెరికావారికి ఈ విద్య పట్టుబడదనుట తొందరపాటగును. అసలు దానిని అచ్చమైన ఆంగ్లేయుల కథ యనుటలోనే చిక్కున్నది. దానికి రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడైన సిడ్నీ న్యూమన్ కెనడా దేశస్థుడు. మొట్టమొదటి కథకు దర్శకత్వము వహించిన వారిస్ హుసేన్ పుట్టినది మన లక్నోలో. కనుక రక్తశుద్ధిని బట్టి కథలను కొలువరాదు. 1996 నాటి చిత్రమున కథకు చిరునామా మారినది, హంగులు పెరిగినవి. కాని అమెరికా ప్రజల మనసులోని భయమేదియు, సందేహమేదియు అందులోనికి రాలేదు. లోపము అచ్చటనే యున్నది.

ఇందుకు భిన్నమైన నిదర్శనము హెచ్.జి. వెల్స్ 1898లో గ్రంథరూపమున వెలువరించిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'. అంగారకులు లండనుకు సమీపమున సర్రే ప్రాంతమున దిగుదురు. టాస్మేనియా ఆదివాసులను ఐరోపావారు రూపుమాపిన సంగతిని వెల్స్ తొలి అధ్యాయములోనే ప్రస్తావించినాడు. మీరు పరులకు చేసినదే మీకు జరిగినచో ఎట్లుండునని సామ్రాజ్యాధిపతులను నిలదీసిన ప్రశ్న అది. 1953లో అమెరికావారు తీసిన చలనచిత్రమున అంగారకులు కాలిఫోర్నియాలో దిగినారు. వారిపై అణుబాంబు ప్రయోగించినను ఫలితము లేకపోయినది. నవలలో భయముచే మతి చలించిన క్రైస్తవ మతాచార్యుని స్థానమున, చిత్రములో గ్రంథము చేతబట్టి శత్రువున కెదురేగిన ధీరుడు నిలిచినాడు. చివరకు కంటికి కానరాని సూక్ష్మజీవులే అంగారకులను సంహరించుట మాత్రము మారలేదు. సామ్రాజ్యవాదుల అపరాధము అణుయుగపు భయముగా మారినది. ఆ మార్పులో నష్టము లేకపోలేదు. టాస్మేనియా ప్రశ్న మరుగున పడినది. అయినను ఆ చిత్రమును తీసినవారు తమ భయమును తాము చెప్పుకొన్నారు. అందుచేతనే అది వట్టి అనుకరణమని త్రోసివేయుటకు వీలులేదు.

ఈ సంగతినే జనగామ జిల్లాలోని పాలకుర్తి ఇంకను స్పష్టముగా చెప్పుచున్నది. అది పాల్కురికి సోమనాథుని ఊరు. బసవేశ్వరుడు కన్నడదేశమువాడు, బిజ్జలుని కొలువులో నుండినవాడు, వచనములు కన్నడమున చెప్పినవాడు. అట్టివాని చరిత్రను 13వ శతాబ్దిలో సోమన తెలుగున ద్విపదగా రచించినాడు. సంస్కృత వృత్తములను ప్రక్కకుబెట్టి జానుతెనుగును, పాడుకొనుటకు అనువగు దేశిచ్ఛందస్సును ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. పండితుల కొలువును కాక భక్తుల గుంపును అతడు శ్రోతలుగా భావించినాడు. 1369లో భీమకవి ఆ కావ్యమును ఆధారముగా గైకొని కన్నడమున షట్పదిలో బసవపురాణమును నిర్మించినాడు. అనగా కన్నడిగులు తమ నాయకుని కథను తెలుగు కవి చేతినుండి తిరిగి అందుకొన్నారు. రెండు పాదముల పరుగు ఆరు పాదముల నడకగా మారినది. భక్తునికి కులముతో పనిలేదను పట్టు మాత్రము సడలలేదు. తరువాతి కాలమున తెలుగులోనే పిడుపర్తి సోమనాథుడు దానిని పద్యకావ్యముగా మలచినాడు. వెల్చేరు నారాయణరావు, జీన్ రోగైర్ సహకారముతో చేసిన ఆంగ్లానువాదమును 1990లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించినది. పాలకుర్తి కథ కల్యాణమునుండి వచ్చి, కన్నడమునకు పోయి, సముద్రములు దాటినది. ఎచ్చటను అది పరాయిది కాలేదు.

పాలకుర్తికి చేరువనే బమ్మెర యున్నది. సంస్కృత భాగవతమున గజేంద్రుని మొర విని శ్రీహరి చక్రము ధరించి, గరుడుని నధిరోహించి, దేవతలు కొలువగా వచ్చును. అది ప్రభువునకు తగిన రాక. పోతన చేతిలో ఆ ప్రభువు గృహస్థుడైనాడు. ఇల్లాలికి చెప్పక, ఆయుధము తలపక, వాహనము కొరకు ఆగక, చేతిలోని ఆమె కొంగునైనను విడువక పరుగెత్తినాడు. కథలోని ఘటన అదియే. ఏనుగు అదియే, మొసలి అదియే. కాని ఆపదలో నున్నవాని పిలుపు విని చేతిపని వదలి పరుగెత్తు పొరుగువానిని ఎరిగిన పల్లెజనమునకు ఈ దేవుడు తమవాడైనాడు. పోతన మూలమును తప్పలేదు. మూలమునకు తన ఊరి గుండెను జోడించినాడు.

మహబూబాబాదు జిల్లాలోని చినగూడూరు దాశరథి కృష్ణమాచార్యుల జన్మస్థానము. ఆయన గాలిబ్ కవితను 'గాలిబ్ గీతాలు' అను పేర 1961లో తెలుగువారి కందించినాడు. ఢిల్లీ నగరపు ఉర్దూ కవి తెలుగు పాఠకుని నాలుకపై నిలుచుటకు కారణము నిఘంటువు కాదు. నిజాం నిరంకుశత్వము నెదిరించి చెరసాల ననుభవించిన కవి, మరియొక కాలపు కవి వేదనను తన వేదనగా గుర్తించుటయే కారణము. అనువాదమునకు సైతము అనుభవమే ప్రాణమని దీనివలన తేలుచున్నది.

ఇపుడు వైజ్ఞానిక కల్పనకు మరల వత్తము. వెల్స్ 1895లో రచించిన 'టైమ్ మెషీన్'లో యాత్రికుడు 8,02,701వ సంవత్సరమునకు పోవును. భూమిపై సుకుమారులైన సోమరులు, భూగర్భమున యంత్రములు నడుపు వికృతజీవులు అతనికి కనిపింతురు. శ్రమచేయువారిని భూమి క్రిందికి, అనుభవించువారిని పైకి త్రోసిన ఆనాటి ఇంగ్లండు సమాజమునకే అది పర్యవసానము. 1960 నాటి అమెరికా చిత్రములో ఈ చీలికకు కారణము వర్గభేదము కాదు, యుద్ధము. అందలి యాత్రికుడు చివరకు మూడు పుస్తకములు చేతబట్టి ఆ భవిష్యజ్జాతిని బాగుచేయుటకు మరల బయలుదేరును. వెల్స్ నైరాశ్యమునకు అమెరికా ఆశావాదము అట్లు సమాధానము చెప్పినది.

ఆ నవల స్ఫూర్తితోనే సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' నిర్మించి తెలుగువారికి కాలయంత్రమును పరిచయము చేసినాడు. వెల్స్ యాత్రికుడు భవిష్యత్తునకు పోగా, తెలుగు యాత్రికుడు మొట్టమొదట శ్రీకృష్ణదేవరాయల కొలువునకు పోయినాడు. ఎంత సహజమైన మార్పు! యంత్రము చేతికి దొరకినచో తెలుగువాడు మొదట చూడగోరునది భువనవిజయమునే గదా. ఆ చిత్రము ప్రేక్షకుల మనసున నేటికిని నిలుచుటకు ఈ స్వకీయతయే కారణము. కాని అదే చిత్రములో 2504వ సంవత్సరమునకు పోయినపుడు కనిపించు లోకము అణుయుద్ధము వలన భూగర్భమున దాగిన లోకము. ఆ భయము అమెరికావారి చిత్రములలో పలుమారులు చూచినదే. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.' సైతము కురుక్షేత్రమునుండి కథ నెత్తుకొన్నది. గతమును మనము మన కన్నులతో చూచుచున్నాము. భవిష్యత్తును మాత్రము తరచు పరుల కన్నులతో చూచుచున్నాము.

శ్రమించువారు క్రింద, సుఖించువారు పైన అను వెల్స్ మూలప్రశ్నను అమెరికా చిత్రము విడిచినది. తెలుగు చిత్రము తడవలేదు. ఆ ప్రశ్నకు తెలుగునాట వేరే వేదిక వెదుక నక్కరలేదు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికులు భూగర్భమున బొగ్గు త్రవ్వుచున్నారు. చేరువలోని చెల్పూరులో 1,100 మెగావాట్ల విద్యుత్కేంద్రము ఆ ఇంధనముతో దీపములు వెలిగించుచున్నది. గనిలోనివాని చీకటికిని నగరవాసి వెలుగునకును గల సంబంధమును వేయేండ్ల ముందునకు సాగదీసి చూచిన తెలుగు కథ యేది?

సామగ్రికి కొదువ లేదు. పాండవుల గుట్ట రాళ్లపై ఆదిమానవుని చిత్రములున్నవి. గోదావరి లోయలోని యామన్‌పల్లి పేర కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అను రాక్షసబల్లికి శాస్త్రజ్ఞులు నామకరణము చేసినారు. దాని అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచియున్నది. కాళేశ్వరమున ఒకే పానవట్టముపై యముని పేర నొకటి, శివుని పేర నొకటి రెండు లింగములు పూజ లందుకొనుచున్నవి. ఆ సమీపముననే మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు 2023 అక్టోబరులో క్రుంగినవి. ఆదిమ కాలమును, దైవమును, యంత్రశక్తిని, దాని పరిమితిని ఒక్క జిల్లాలో ఇట్లు ప్రక్కప్రక్కన చూపగల ప్రదేశములు అరుదు.

నేడు విదేశీయ కథావళులు తెలుగు గొంతులతో ఇంటింట వినిపించుచున్నవి. వానిని చూచుట తప్పు కాదు. కాని పెదవులకు సరిపోవునట్లు మాటలు పేర్చినంత మాత్రమున కథ తెలుగు కాదు. అట్టి వినోదముతోనే తృప్తిపడినచో, రేపటి లోకమును ఊహించు పని పరభాషలకు అప్పగించినట్లగును. వైజ్ఞానిక కల్పనను పిల్లల కాలక్షేపముగా నెంచు అలవాటును సాహిత్యపీఠములు మానుకొనవలెను. కళాశాలల పాఠ్యప్రణాళికలలో దానికి చోటీయవలెను. పత్రికలు స్వతంత్ర రచనల నాహ్వానింపవలెను. అనుసరణ లైనచో, అందు మారినదేమో, ఎందుకు మారినదో అడిగి ప్రకటింపవలెను.

డాక్టర్ హూ కథను అమెరికావారు ఎట్లు తీసియుండెడివారో తెలిసికొనుట వలన తెలుగు పాఠకునకు కలుగు లాభము స్వల్పము. దానిని భూపాలపల్లి గని కార్మికుని కుమార్తె యెట్లు వ్రాయునో తెలిసికొనగోరుట లాభదాయకము. కన్నడ వీరుని కథను తెలుగు ద్విపదలో పలికించిన పాలకుర్తి ఆమె కెంతో దూరమున లేదు.