కణానికి తండ్రి కులం తెలియదు

గత జూన్‌లో మా అమ్మాయి కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒక కార్యాలయం మెట్లెక్కాను. నేను మాదిగ కుటుంబంలో పుట్టాను. నా భర్తది మరో కులం. దాని పేరు ఇక్కడ అనవసరం. వారి ఇంటి గడపను మా అమ్మాయి ఇంతవరకు తొక్కలేదు, తొక్కనివ్వలేదు. పదేళ్ల వయసు వచ్చేవరకు ఆమె మా అమ్మ దగ్గర, వాడలోనే పెరిగింది. ఇవన్నీ రాసి, బడి రికార్డులు జతచేసి ఇచ్చిన కాగితాలను బల్ల వెనుక ఉద్యోగి తిరగేశాడు. మర్యాదగానే అన్నాడు: ‘‘మేడమ్, ఇదంతా ఎందుకు? తండ్రి కులం చెప్పండి చాలు. రక్తం తండ్రిదే కదా!’’

పదిహేడేళ్లుగా విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం బోధిస్తున్నాను. అయినా ఆ మాటకు అక్కడ జవాబు చెప్పలేకపోయాను. వెనుక పెద్ద క్యూ ఉంది. ఆ జవాబు ఇక్కడ చెబుతాను.

బిడ్డకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం క్రోమోజోములు వస్తాయని పదో తరగతి పిల్లలకూ తెలుసు. ఆడపిల్లకు రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మగపిల్లవాడికి ఒకటే ఎక్స్. అది తల్లి ఇచ్చినదే. వంశం నిలబెడతాడని చెప్పుకునే కొడుకుకు తండ్రి ఇచ్చే వై క్రోమోజోములో ఉన్న జన్యువులు కొన్ని పదులే; ఎక్స్‌లో ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. మరి స్త్రీ కణాల్లో ఎక్స్ జన్యువులు రెట్టింపు పనిచేయాలి కదా? చేయవు. గర్భంలో పిండం ఇంకా తొలి రోజుల్లో ఉండగానే ప్రతి కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదానిని మూసివేస్తుంది. ఏది మూయాలన్నది యాదృచ్ఛికం. ఒక కణంలో తల్లిది మూతపడితే పక్క కణంలో తండ్రిది మూతపడుతుంది. ఒకసారి మూతపడ్డాక ఆ కణం నుంచి పుట్టే కణాలన్నీ ఆ నిర్ణయాన్నే జీవితాంతం పాటిస్తాయి.

1949లో కెనడాలో ముర్రే బార్, ఆయన విద్యార్థి బెర్‌ట్రమ్ ఆడపిల్లుల నాడీకణాల్లో ఒక నల్లటి చుక్కను గమనించారు. అది మూతపడిన ఎక్స్ అని తేలడానికి పదేళ్లకు పైగా పట్టింది. 1961లో ఇంగ్లండ్‌లో మేరీ లయన్ అనే శాస్త్రవేత్త ఎలుకల బొచ్చు మీది రంగుల మచ్చలను చూసి ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మన వీధుల్లో తిరిగే మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే కావడానికి కారణమూ ఇదే. ఒక మచ్చలో తల్లి ఎక్స్ పనిచేస్తే ఇంకో మచ్చలో తండ్రి ఎక్స్ పనిచేస్తుంది. ఈ మూసివేతను నడిపించే ఎగ్జిస్ట్ అనే జన్యువు 1991లో దొరికింది. దాని నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏ ఆ క్రోమోజోమంతటినీ దుప్పటిలా కప్పేస్తుంది. ఆ తర్వాత డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు పడి మూత గట్టిపడుతుంది. అక్షరం ఒక్కటీ మారదు, చదవడం మాత్రం ఆగిపోతుంది. దీన్నే ఎపిజెనెటిక్ నియంత్రణ అంటున్నాం.

కనుక మా అమ్మాయి శరీరంలో సుమారు సగం కణాల్లో ఆమె తండ్రి ఇచ్చిన ఎక్స్ నోరు మూసుకుని ఉంది. మిగతా సగంలో నాది. ‘రక్తం తండ్రిదే’ అన్న ఆ ఉద్యోగి మాటకు జీవశాస్త్రం చెప్పే సమాధానం ఇంతే.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. నా ఎక్స్ కూడా ఉంది కాబట్టి అమ్మాయిది నా కులమని నేను వాదిస్తే, అతని తప్పునే తిరగేసి చేసినదాన్నవుతాను. కులం క్రోమోజోములో లేదు. తండ్రిదాంట్లోనూ లేదు, తల్లిదాంట్లోనూ లేదు. 2012 జనవరిలో రమేశ్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మా శాస్త్రం కన్నా సూటిగా చెప్పింది. తండ్రి కులమే పిల్లల కులమన్నది ఒక ప్రాథమిక ఊహే తప్ప అంతిమం కాదని, తల్లి కులంలో పెరిగి అదే అవమానాన్ని, అదే లేమిని అనుభవించామని బిడ్డ నిరూపించుకోవచ్చని తీర్పునిచ్చింది. అంటే చూడవలసింది పుట్టుకను కాదు, పెంపకాన్ని. ఆ తీర్పు వచ్చిన దాదాపు నాలుగేళ్లకు, 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించాడు. అతన్ని అక్కడిదాకా నెట్టినదేమిటన్న ప్రశ్నను పక్కకు తోసి, తల్లి మాలా, తండ్రి వడ్డెరా అన్న లెక్కలోకి దేశం దిగింది. 2024 మేలో పోలీసుల ముగింపు నివేదికతో ఆ లెక్క మళ్లీ మొదలైంది. ఒంటరిగా పిల్లల్ని పెంచిన తల్లి బతుకు కన్నా, విడిచి వెళ్లిన తండ్రి పుట్టుకే బలమైన సాక్ష్యం ఎందుకైంది?

కులం స్త్రీ శరీరం మీద కాపలా పెట్టి బతుకుతుందని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో వివరించారు. కులాంతర వివాహ నిషేధమే కులానికి ప్రాణమన్నది ఆయన వాదన. దాని జాడ మన డీఎన్‌ఏలో ఎంత లోతుగా ఉందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి వరకు ఈ ఉపఖండంలో జనసమూహాలు విస్తారంగా కలిశాయి. ఆ తర్వాతే తలుపులు మూసుకున్నాయి. అంటే స్వచ్ఛమైన రక్తం ఎవరికీ లేదు. ఉన్నది, కలయికను ఆపిన చరిత్ర మాత్రమే. ఆ కాపలా మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ను ఆసుపత్రి బయటే నరికి చంపించింది. భార్య అప్పుడు గర్భవతి.

మరోవైపు, ఈ మధ్య మన వాళ్లలోనూ ఒక వాదన వినిపిస్తోంది. తరతరాల అవమానం ఎపిజెనెటిక్ గుర్తులుగా దళితుల జన్యువుల మీద ముద్రపడి వారసత్వంగా వస్తోందన్నది దాని సారాంశం. నా విద్యార్థులు ఆవేశంతో ఈ మాట అన్నప్పుడు వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒప్పుకోలేను. ఆకలి శరీరం మీద గుర్తు వదులుతుంది, నిజమే. 1944–45 చలికాలంలో నాజీ దిగ్బంధంలో నెదర్లాండ్స్ ఆకలితో అలమటించింది. ఆ రోజుల్లో తల్లి కడుపులో పడినవారిని ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే, పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా కనిపించాయని 2008లో ప్రచురించారు. అది గర్భంలో ఉన్న బిడ్డ నేరుగా అనుభవించిన ఆకలి. అలాంటి గుర్తు మనుషుల్లో తరాలు దాటుతుందని రుజువు కాలేదు. పైగా బీజకణాలు ఏర్పడేటప్పుడు ఇలాంటి గుర్తులు అత్యధికం చెరిగిపోతాయి. స్త్రీ శరీరంలో ఇంత గట్టిగా, జీవితాంతం మూసివుండే ఎక్స్ కూడా అండకణాలుగా మారబోయే తొలి కణాల్లో తిరిగి తెరుచుకుంటుంది. మా అమ్మ కూలికి వెళ్లిన ఆకలిని నా జన్యువులు మా అమ్మాయికి అందించాయనడానికి ఆధారం లేదు. అందించింది గడప, బడి, కార్యాలయం బల్ల. ‘మీరు పుట్టుకతోనే గాయపడ్డవారు’ అనే సిద్ధాంతం, ‘మీరు పుట్టుకతోనే తక్కువవారు’ అనే పాత సిద్ధాంతానికి ఎంత దగ్గరో మనవాళ్లు గమనించాలి.

ఈ శాస్త్రం నిజంగా మనకు పనికొచ్చే చోటు వేరే ఉంది. ఆ చోట మనం మాట్లాడటం లేదు. జీ6పీడీ అనే ఎంజైము జన్యువు ఎక్స్ మీదే ఉంటుంది. అది లోపించినవారికి మలేరియా మందు ప్రైమాక్విన్ ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మూత్రం డికాషన్ రంగులోకి మారుతుంది, కొందరికి ప్రాణాపాయం. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుని మళ్లీ తిరగబెట్టకుండా ఉండాలంటే పద్నాలుగు రోజులు ఇవ్వవలసింది ఈ మందే. ఆదివాసీ సమూహాల్లో ఈ లోపం ఎక్కువని ఎన్నో సర్వేలు చెబుతున్నాయి. మలేరియా ఎక్కువున్నదీ ఏజెన్సీలోనే. మగవాడికి లోపముంటే కణాలన్నిటిలోనూ ఉంటుంది, పరీక్షలో తేలిపోతుంది. ఒక ఎక్స్‌లో మాత్రమే లోపమున్న స్త్రీలో కొన్ని రక్తకణాలు గట్టివి, కొన్ని బలహీనమైనవి. లయన్ చెప్పిన మూసివేత మనుషుల్లోనూ జరుగుతుందని 1962లో అమెరికాలో బ్యూట్లర్ బృందం ఈ రెండు రకాల కణాలను చూపించే సమర్థించింది. అయితే ఉంది, లేదు అని మాత్రమే చెప్పే చవక పరీక్షలో ఇటువంటి స్త్రీ చాలాసార్లు ‘నార్మల్’గా వస్తుంది. ఎంజైము ఎంత శాతం ఉందో కొలిచే పరీక్ష చేస్తే తప్ప తెలియదు. దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చెప్పింది. ఆదివాసీ స్త్రీలలో అది ఇంకా ఎక్కువ. ఉన్న కాస్త రక్తంలో మూడోవంతు కణాలు పగిలితే ఆమె గతేమిటి? పాడేరు, భద్రాచలం, ఉట్నూరు ప్రాంతాల ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ కొలిచే పరికరం ఉండాలని అడగడం కులం, తెగల ప్రశ్న కాకపోతే మరేది?

లూపస్ అనే జబ్బుదీ ఇదే వరస. శరీరం తన మీదే తాను యుద్ధం చేసే ఈ వ్యాధి బారిన పడే పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలు. ఎగ్జిస్ట్ ఆర్‌ఎన్‌ఏ చుట్టూ చేరే ప్రొటీన్లే కొంతవరకు ఆ యుద్ధానికి కారణం కావచ్చని 2024లో స్టాన్‌ఫోర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించారు. నాట్లు వేసే కూలితల్లి కీళ్లు నొస్తున్నాయంటే మన ఊళ్లో చేతిలో పెట్టేది నొప్పి మాత్రే. రక్తపరీక్ష దాకా చేరేవారెందరు?

ఆ కార్యాలయం నుంచి వచ్చిన వారం తర్వాత మా అమ్మాయి నా ప్రయోగశాలకు వచ్చింది. ఐస్‌క్రీం పుల్లతో బుగ్గ లోపల గీకి, గాజుపలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాం. కేంద్రకం అంచున చిన్న నల్లటి చుక్క కనిపించింది. ‘‘అమ్మా, ఈ కణంలో మూసేసింది నిన్నా, నాన్ననా?’’ అని అడిగింది. రంగు చూసి అది చెప్పలేమన్నాను. పలకను ఇంకాస్త జరిపి మరో కణం వెతుక్కుంది.

దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. మా అమ్మ పేరు, వాడ చిరునామా, అక్కడి బడి హాజరు పట్టీ నకలు జతచేసి మళ్లీ ఇచ్చాను. ఈసారి 2012 తీర్పు ప్రతిని కూడా పైన పెట్టాను.