డాక్టరు గారి కబుర్లు: లెక్కలోకి రాని చుట్టం

పోయిన నెల ఎండదెబ్బ గురించి వ్రాశాను. ఈసారి మందుల ఊసు లేదు, భయపడకండి.

అబూధాబీలో చూడదగ్గ చోట్లకి జనం ఏటికేడు పెరుగుతున్నారు. 2017 నవంబరులో తెరిచిన లూవ్ర్ మ్యూజియంకి మొదటి ఏడాదిలోనే పది లక్షల మంది పైగా వచ్చారు. షేక్ జాయెద్ పెద్ద మసీదుకి 2024లో ప్రార్థనకీ, చూడడానికీ కలిపి వచ్చినవారు 65 లక్షల పైచిలుకు. 2025 డిసెంబరులో జాయెద్ జాతీయ మ్యూజియం కూడా తెరిచారు. ఊరి నుంచి చుట్టాలొస్తే ఇవన్నీ తిప్పి చూపించడం మన ఇళ్ళలో ఆనవాయితీ అయింది కదా!

ఆ మధ్య ఐకాడ్‌లో మా క్లినిక్కుకి నడుం నొప్పితో ఒకాయన వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, టైల్స్ మేస్త్రీ. పదకొండేళ్ళుగా ఇక్కడి క్యాంపులోనే ఉంటున్నాడు. నెలలో వీసా రద్దు చేసుకుని వెళ్ళిపోతున్నాడు.

"పెద్ద మసీదు చూశారా అన్నా?" అని మాటవరసకి అడిగాను.

"బస్సులకెల్లి సూస్తనే ఉంట సారూ. మా అసుంటోళ్లను లోపటికి రానిస్తరా?"

డబ్బుకో, తీరికకో వెనకాడాడేమో అనుకున్నాను. అక్కడ ప్రవేశం ఉచితం. ముసఫ్ఫా వంతెన దాటితే అదే. అడ్డుపడింది ఆ సందేహం ఒక్కటే. పదకొండేళ్ళలో "రానిస్తారు, రండి" అన్నవాడు లేడు. నాలుగేళ్ళుగా ఇక్కడున్న నేనూ అనలేదు.

ఆ ఆదివారం నా కారులోనే వెళ్ళాం. 82 గుమ్మటాలున్నాయనీ, లోపలి తివాచీ ఇరానులో సుమారు 1,200 మంది చేత్తో నేసిందనీ నేను చెబుతూనే ఉన్నాను. ఆయన వినడం లేదు. పాలరాతిలో పొదిగిన పూలతీగ దగ్గర గొంతుకు కూర్చున్నాడు.

"అతుకు సూడుండ్రి సారూ. యాడ మొదలైందో యాడ అయిపోయిందో ఎరుకైతలేదు."

నేను అయిదుసార్లు వెళ్ళాను. ఆ అతుకు నా కంట పడలేదు. ఆయన ఫోనులో భార్యకి మసీదు చూపించాడు. తర్వాత ఫోను తిప్పి తన ముఖం కూడా చూపించుకున్నాడు.

వచ్చే నెల మన సమాజం పిల్లల్ని లూవ్ర్‌కి తీసుకువెళ్తోంది. పద్ధెనిమిదేళ్ళ లోపు వారికి టికెట్టు లేదు. ఆ మిగిలిన డబ్బుతో బస్సులో పది సీట్లు ఐకాడ్ వారికి కేటాయిద్దామని కార్యదర్శి గారికి నా మనవి. తెలిసిన మేస్త్రీనో, డ్రైవరునో మీరే స్వయంగా పిలవండి. నోటీసు అంటిస్తే రారు. మనిషి పిలిస్తే వస్తారు.

ఆయన నడుం నొప్పి తగ్గిందా అంటారా? లేదు. మాత్రలు మాత్రం మరచిపోకుండా పట్టుకెళ్ళాడు.