మర్యాద యను మౌనము

రాజకీయములు మాటాడకుండుట సభ్యత యని నాగరికులలో ఒక సూత్రము చిరకాలముగా చెల్లుచున్నది. కచేరిలోగాని, విందులోగాని ఆ ప్రస్తావన వచ్చినచో పక్కవారు చిరునవ్వు నవ్వి, వానల మీదికో, బిడ్డల చదువుల మీదికో మాట మరల్చుదురు. స్నేహము చెడదు, తేనీరు చల్లారదు. ఇతర నగరములలో ఈ నియమము వలన పెద్ద నష్టము లేకపోవచ్చును. బస్తరులో దీని వెల వేరు.

అచ్చట మాట ప్రాణముతో ముడిపడియున్నది. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట దక్షిణ బస్తరు పల్లెవాసికి ఇరువైపుల నుండియు ఒక్కటే ప్రశ్న ఎదురయ్యెను: నీవు ఎవరివాడవు? పోలీసులతో మాటాడినవాడు వేగులవాడని మావోయిస్టుల చేత చచ్చెను. మావోయిస్టులకు అన్నము పెట్టినవాడు చెరసాల పాలయ్యెను. వేలాదిమంది ఇల్లువాకిలి విడిచి గోదావరి ప్రాంతపు అడవులకు వలస వచ్చిరి. వారినే తెలుగువారు గుత్తికోయలని పిలుచుచున్నారు. మిరపచేలలో కూలికి వచ్చిన అట్టివాడు, ఊరి సంగతి అడిగినపుడు తలవంచుకొని ఊరకున్నచో అది ఆత్మరక్షణము. దానిని తప్పుపట్టు అధికారము ఎవరికిని లేదు.

అయితే జగదల్‌పురములో సుఖముగ కూర్చున్న ఉద్యోగియు, వర్తకుడును ఆ మౌనమునే అరువు తెచ్చుకొని సంస్కారమని పేరిడుట ఎట్లు ఒప్పును? ఉద్యోగికి ప్రవర్తనా నియమములు అడ్డమందురు. ఆ నియమములు ఏ పక్షమునను చేరవలదన్నవి. చచ్చినవారి సంగతి చెవిని పెట్టవలదని యనలేదు.

2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కెగూడలో బలగముల కాల్పులకు 17 మంది గ్రామస్థులు మరణించిరి. వారు మావోయిస్టులని ప్రభుత్వపక్షము చాటెను. విత్తుల పండుగను గూర్చి కూడితిమని ఊరివారు చెప్పుచునే యుండిరి. మృతులు మావోయిస్టులనుటకు సాక్ష్యము లేదని న్యాయవిచారణ సంఘము తేల్చిన నివేదిక 2019లో గాని వెలుగు చూడలేదు. ఆ ఏడేండ్లును ఊరివారు మూగలు కారు, వినువారే కరవైరి. మాట మరల్చిన ప్రతి మర్యాదస్థునకు ఆ ఏడేండ్లలో పాలు కలదు. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో మరణించిన 76 మంది జవానుల తల్లులకును ఈ మౌనము ఓదార్పు కానేరదు.

వాదము వైరమును పెంచునందురు. గెలుపు కొరకు వాదించువారి విషయమున అది నిజమే. కాని బస్తరునకు అంతకంటె పాతదైన మర్యాద యొకటి కలదు. 75 దినముల దసరా ఉత్సవములలో ముడియా దర్బారు జరుగును. ఊరిపెద్దలైన మాంఝీలు లేచి తమ కష్టములను ఎదుటనే చెప్పుదురు. ఒకప్పుడు ఓరుగంటి కాకతీయుల వంశీయులమని చెప్పుకొనిన రాజు వినెడివాడు. నేడు ముఖ్యమంత్రియో, అధికారులో విందురు. దర్బారు సర్వరోగనివారిణి కాదు. 1966 మార్చి 25న అదే నగరమున, తన ప్రాసాదముననే, మాజీ రాజు ప్రవీరచంద్ర భంజ్‌దేవ్ పోలీసు కాల్పులలో మరణించెను. అయినను గిట్టని మాటను కూర్చుండి వినుటయే పెద్దరికమని ఆ ఆచారము నేర్పుచున్నది.

కావున సభ్యులు పాటింపదగిన నియమము ఇది: జవాబు చెప్పిన కీడు కలుగువానిని ప్రశ్నింపరాదు, తానై నోరు విప్పినవానిని మధ్యలో ఆపరాదు. విందులో ఒకడు సార్కెగూడ పేరెత్తినపుడు వానల మీదికి మాట మరల్చువాడు మర్యాదస్థుడు కాడు. తన తేనీటిని కాపాడుకొనువాడు మాత్రమే.